ముందు ఎవరెవరు ఉన్నారో తేలాలి

ఈ మధ్య మా టీంలో ఒక డిజైన్ రివ్యూ జరుగుతుంటే, కొత్తగా చేరిన కుర్రాడొకడు అన్నాడు: "గ్రూప్ కమ్యూనికేషన్ పాత సబ్జెక్టు కదా అన్నా. ఇప్పుడు కాఫ్కా ఉంది, రాఫ్ట్ ఉంది. ఆ మల్టీకాస్ట్ గొడవంతా తొంభైల్లోనే ముగిసిపోయింది." గ్రూప్ కమ్యూనికేషన్ అంటే కలిసి పనిచేసే కొన్ని కంప్యూటర్లు ఒక జట్టుగా మెసేజీలు పంపుకునే పద్ధతి, మల్టీకాస్ట్ అంటే ఒకే మెసేజ్‌ని ఆ జట్టంతటికీ పంపడం. కాఫ్కా మెసేజీలను దాచి అందించే సాఫ్ట్‌వేర్, రాఫ్ట్ చాలా కంప్యూటర్లను ఒకే నిర్ణయానికి తెచ్చే పద్ధతి. బాగా చదువుకున్న పిల్లవాడు, నోటికొచ్చింది అనేసే రకం కాదు. అందుకే ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

ఆ రాత్రి కూర్చుని, మెసేజీల వరుసను మెసేజ్ లేయరే కాపాడాలన్న ఆలోచన మీద 1993లో డేవిడ్ చెరిటన్, డేల్ స్కీన్ రాసిన విమర్శను, మరుసటి ఏడాది దానికి ఆ ఆలోచన వైపు నిలబడ్డ కెన్ బిర్మన్ ఇచ్చిన జవాబును మళ్లీ చదివాను. ముప్పై ఏళ్లు దాటినా ఆ వాదనలో వేడి తగ్గలేదు. చదివాక నాకు చాలాకాలంగా ఉన్న ఒక అభిప్రాయం ఇంకా గట్టిపడింది. ఆ తగవు ఎక్కువగా మెసేజీల వరుస చుట్టూ తిరిగింది. గ్రూప్ కమ్యూనికేషన్ మీద పని చేసినవాళ్లు మనకు ఇచ్చిన అసలు ఆస్తి వేరే ఉంది. ప్రస్తుతం గ్రూపులో ఎవరెవరు ఉన్నారో ఆ గ్రూపులోని వాళ్లందరూ ఒకే మాట మీదకు రావడం ఎలా అన్నది వాళ్లు తేల్చిపెట్టారు. వరుస గొడవతో పాటు మనం దాన్ని కూడా అటకెక్కించాం. ఇప్పుడు అదే సమస్య రకరకాల పేర్లతో మళ్లీ మళ్లీ ఎదురవుతోంది, అది కూడా ఎక్కువగా అర్ధరాత్రి సిస్టం పడిపోయినప్పుడు.

విమర్శలో పస ఉంది

కార్నెల్ యూనివర్సిటీలో బిర్మన్ బృందం 1980లలో ఐసిస్ అనే గ్రూప్ కమ్యూనికేషన్ సాఫ్ట్‌వేర్‌ని కట్టింది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ దాన్ని వాడింది, ఫ్రాన్స్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాడింది. గ్రూపుకి ఒక మెసేజ్ పంపితే అందరికీ చేరాలి, అందరికీ ఒకే వరుసలో చేరాలి, కారణం కంటే ముందు ఫలితం చేరకూడదు. ఈ పూచీ అంతా కింది లేయరే తీసుకుంటే, పైన ప్రోగ్రాం రాసేవాడు నిశ్చింతగా ఉండొచ్చన్నది దాని ఆశ. కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లో చెప్పిన 'ముందు జరిగింది' అన్న సంబంధాన్ని (ఒక ఘటన మరోదానికి కారణం కాగలదా అన్నదాన్ని) నేరుగా పనిలో పెట్టడమన్న మాట.

చెరిటన్, స్కీన్ దీన్ని మూడు నాలుగు వైపుల నుంచి కొట్టారు. వాటిలో నాకు బాగా తగిలింది వాళ్ల మంటల ఉదాహరణ. మంటలు లేచాయని ఒక మెసేజ్, ఆరిపోయాయని ఒకటి, మళ్లీ లేచాయని ఇంకొకటి వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి. ఆ మంట మాత్రం నెట్‌వర్క్‌కి బయట, లోకంలో ఉంది. మెసేజ్ లేయర్‌కి కనిపించే కార్యకారణం వేరు, నిజంగా జరిగినదాని వరుస వేరు. రెండు ప్రోగ్రాములు మెసేజీలు పంపుకుంటూనే, పక్కన ఒకే డేటాబేస్‌లో కూడా రాస్తున్నా ఇదే ఇబ్బంది. డేటాబేస్ ద్వారా నడిచిన సంగతి మెసేజ్ లేయర్‌కి తెలియదు. అప్లికేషన్‌కి మాత్రమే తెలిసిన అర్థాన్ని కింది లేయర్ కాపాడలేదు. కాబట్టి ఆ పని అప్లికేషనే చేసుకోవాలి. ఇలాంటి పూచీ కింది లేయర్ కాదు, చివరన ఉన్న అప్లికేషనే తీసుకోవాలంటూ సాల్ట్జర్, రీడ్, క్లార్క్ 1984లో ప్రచురించిన ఎండ్-టు-ఎండ్ వాదనకు ఇది సొంత మేనకోడలే.

లోకం వాళ్ల మాటే విన్నది. ఇవాళ ఆర్డర్ల సర్వీస్ రాసేవాళ్లెవరూ కాజల్ మల్టీకాస్ట్ (కారణం ముందు, ఫలితం తర్వాత చేరే మల్టీకాస్ట్) కావాలని అడగరు. డేటాబేస్ రో మీద ఒక వెర్షన్ నంబర్, పేమెంట్‌కి ఒక ఐడెంపొటెన్సీ కీ (ఒకే పేమెంట్ రెండుసార్లు పడకుండా ఆపే గుర్తు), పాత వెర్షన్ మీద రాయబోతే తిప్పికొట్టడం. ఇవన్నీ అప్లికేషన్ లోపలి ఏర్పాట్లు. నేనూ అవే వాడతాను, బాగా పని చేస్తాయి.

ఇంతవరకూ మా కుర్రాడి మాట నిజమే. కానీ ఆ విమర్శ వరుసను విడిగా తీసి తూకం వేసింది. బిర్మన్ జవాబులో నాకు ముఖ్యమనిపించింది ఇదే: మీరు ఆర్డరింగ్‌ని మాత్రమే పట్టుకున్నారు, అది ఏ మోడల్‌లో భాగంగా ఉందో దాన్ని వదిలేశారు అని. ఆ మోడల్ పేరు వర్చువల్ సింక్రనీ. దాని గుండెకాయ మెంబర్‌షిప్, అంటే గ్రూపులో ఎవరెవరు ఉన్నారన్న లెక్క.

ఆ 'అందరూ' ఎవరు

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ పాఠం ఎలా చెబుతారో చూడండి. మూడు ప్రాసెస్‌లకు (నడుస్తున్న ప్రోగ్రాములకు) మూడు నిలువు గీతలు గీస్తారు, వాటి మధ్య మెసేజీలకు ఏటవాలు బాణాలు. ఫైఫో (పంపినవాడి వరుస), కాజల్ (కారణం, ఫలితం వరుస), టోటల్ (అందరికీ ఒకే వరుస). వెక్టర్ క్లాక్ లెక్క, అంటే ఏ ప్రాసెస్‌లో ఎన్ని ఘటనలు జరిగాయో తనకు తెలిసినంతవరకు గడుల్లో రాసుకోవడం. పరీక్షలో బొమ్మ వేసి లెక్క కడితే మార్కులు పడతాయి. మెంబర్‌షిప్‌కి చివర్లో, సెమిస్టర్ అయిపోతుండగా, రెండు పేరాలు.

ఒకసారి ఇంటర్వ్యూలో ఒక అమ్మాయి వెక్టర్ క్లాక్‌ని చాలా అందంగా వివరించింది. బోర్డు మీద ఒక్క అంకె కూడా తేడా పోలేదు. అప్పుడు అడిగాను: "ఈ మూడో ప్రాసెస్ మధ్యలో పలకడం మానేస్తే మిగతా రెండూ ఏం చేస్తాయి?" ఎదురు చూస్తాయంది. ఎంతసేపు అంటే టైమౌట్ అయ్యేదాకా అంది. "టైమౌట్ అయ్యాక పక్కన పెట్టేశాం. తర్వాత అది మళ్లీ పలికింది. దాని దగ్గర మనకు రాని మెసేజ్ ఒకటుంది. ఇప్పుడో?" కాసేపు ఆలోచించి, "సార్, ఇది మాకు చెప్పలేదు" అంది నిజాయితీగా. ఆ అమ్మాయిని తీసుకున్నాం, అది వేరే సంగతి. ఆమె చెప్పిన జవాబులో లోపం ఆమెది కాదు. పాఠం అక్కడే ఆగిపోతోంది.

ఏ ఆర్డరింగ్ అల్గారిథం చూసినా లోపల ఇదే ప్రశ్న దాక్కుని ఉంటుంది. వెక్టర్ క్లాక్‌లో ఎన్ని గడులు ఉండాలి? గ్రూపులో ఎందరుంటే అన్ని. ఐసిస్‌లో టోటల్ ఆర్డర్ తేల్చడానికి సభ్యులందరి దగ్గర నంబర్ల ప్రతిపాదనలు తీసుకుని, వాటిలో పెద్దదాన్ని ఖాయం చేసేవారు. అందరి దగ్గర అంటే ఎవరి దగ్గర? ఆమీబా అనే ఆపరేటింగ్ సిస్టంలో లాగా ఒక సీక్వెన్సర్‌ని పెట్టి నంబర్లు ఇప్పిస్తే పని తేలికే. ఆ సీక్వెన్సర్ పడిపోతే కొత్తదాన్ని ఎన్నుకునేవాళ్లు ఎవరు? 'అందరూ' అన్న మాటకు అర్థం తేలకపోతే వరుస అన్న మాటకూ అర్థం ఉండదు.

వర్చువల్ సింక్రనీలో ఈ 'అందరూ' అన్నదానికి ఒక పేరు, ఒక నంబర్ ఉంటాయి: వ్యూ. ఫలానా వ్యూలో ఫలానా సభ్యులు. ఎవరైనా చేరినా, పోయినా కొత్త వ్యూ. మిగిలినవాళ్లందరూ వ్యూలను ఒకే వరుసలో చూస్తారు. పాత వ్యూ నుంచి కొత్త వ్యూకి మారేముందు, సగం మందికే చేరిన మెసేజీలుంటే మిగిలినవాళ్లు వాటిని ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుని లెక్క సరిచేసుకుంటారు. దాన్ని ఫ్లష్ అంటారు. కాబట్టి ఇద్దరు సభ్యులు కలిసి ఒక వ్యూ నుంచి మరో వ్యూకి వెళ్లారంటే, ఆ మధ్యలో ఇద్దరికీ చేరిన మెసేజీలు ఒక్కటే. నేను ఈ సబ్జెక్టులో చదివిన వాటిలో ఇంత పనికొచ్చే హామీ ఇంకోటి లేదు.

ఇక్కడ ఒక కష్టమైన సంగతి ఉంది. నోడ్ (గ్రూపులోని ఒక కంప్యూటర్) చచ్చిపోయిందో, నెమ్మదిగా ఉందో అవతలివాళ్లు కచ్చితంగా చెప్పలేరు. జావా ప్రాసెస్ గార్బేజ్ కలెక్షన్‌లో (వాడని మెమరీని ఊడ్చే పనిలో) పడి కొన్ని సెకన్లు కదలకపోతే బయటికి అది శవంలాగే కనిపిస్తుంది. మెసేజ్ ఆలస్యానికి హద్దు లేని చోట ఒక్క ప్రాసెస్ పడిపోగలిగినా ఏకాభిప్రాయానికి హామీ ఇవ్వలేమని ఫిషర్, లించ్, ప్యాటర్సన్ 1985లో నిరూపించింది దీనికి దగ్గర బంధువే. ఐసిస్ దీనికి చేసిన ఏర్పాటు సాహసమైనది: నిజం కనుక్కోవడం మన వల్ల కాదు, కాబట్టి నిర్ణయిద్దాం. ఒకసారి గ్రూపు నిన్ను పోయినవాళ్ల లెక్కలో వేసిందంటే నువ్వు పోయినట్టే. బతికే ఉన్నా సరే, కొత్త గుర్తింపుతో మళ్లీ దరఖాస్తు పెట్టుకుని చేరాలి. పింఛను జాబితాలో చనిపోయినట్టు పేరు కొట్టేస్తే, మనిషి ఎదురుగా నిలబడ్డా ఆఫీసులో ఒప్పుకోకుండా మళ్లీ కాగితాలు పెట్టుకోమనడం మన ఊళ్లలో చూస్తుంటాం. మనిషి విషయంలో అది అన్యాయం. నోడ్ విషయంలో అదే న్యాయం, ఎందుకంటే బతికున్నాననుకునే పాత నోడ్ తన పాత అధికారంతో పని కొనసాగిస్తే మిగతా వాటన్నిటి లెక్కా తప్పుతుంది.

ఒకే నంబరు, రెండు బిల్లులు

ఇది కాగితం మీద వాదన కాదని నాకు ఒక క్లయింట్ దగ్గర అర్థమైంది. చాలా దుకాణాలున్న వ్యాపారం, బిల్లింగ్ అంతా రెండు నోడ్ల క్లస్టర్ మీద నడిచేది. ఒకటి పని చేస్తుంది, రెండోది కాచుకుని ఉంటుంది. రెండింటి మధ్య హార్ట్‌బీట్ ('బతికే ఉన్నా' అని చెప్పుకునే మెసేజ్) ఒకే స్విచ్ గుండా వెళ్లేది. ఆ స్విచ్ కాసేపు మొరాయించింది. రెండో నోడ్ మొదటిది పోయిందనుకుని బాధ్యత తీసుకుంది. మొదటిది పోలేదు; తన వైపు దుకాణాలకు సేవ చేస్తూనే ఉంది. ఫెన్సింగ్ పెట్టలేదు. పెట్టి ఉంటే బాధ్యత తీసుకోబోయే నోడ్ ముందు అవతలి దానికి కరెంటు కట్ చేసి ఉండేది. స్విచ్ తేరుకునేసరికి ఒకే నంబరుతో వేర్వేరు దుకాణాల్లో వేర్వేరు బిల్లులు పుట్టాయి. స్టాకు లెక్క రెండుగా చీలింది.

మర్నాడు మీటింగులో అందరికీ మొదట తట్టింది ఒకటే: రెండు వైపుల ఎంట్రీలూ తీసి, టైమ్‌స్టాంప్ ప్రకారం వరసగా పేర్చేద్దాం. చాలామందికి ఇది సహజంగా తోస్తుంది, ఎందుకంటే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ అంటే వరుస సమస్య అని నేర్చుకున్నాం. కానీ ఎలా పేర్చినా ఏం లాభం? ఒకే వస్తువు చివరి ముక్కని రెండు నోడ్లూ అమ్మేశాయి. రెండింటిలో ఏది ముందో సెకనులో వెయ్యో వంతు దాకా తేల్చినా, రెండో కస్టమర్ వస్తువు పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సమయంలో ఆ రెండో అమ్మకం చేసే హక్కు ఎవరికి ఉంది అన్నది ప్రశ్న. దానికి క్లస్టర్ దగ్గర జవాబు లేదు. చివరికి అకౌంట్స్ వాళ్లు బిల్లులు ఒక్కొక్కటే చేత్తో సరిచేశారు.

ఇదే కథ పెద్ద ఎత్తున, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో 2018 అక్టోబర్ 21న జరిగింది. వాళ్లే వివరంగా రాసి పెట్టారు కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు. ఆప్టికల్ పరికరం మారుస్తుంటే అమెరికా తూర్పు తీరంలోని వాళ్ల ప్రధాన డేటా సెంటర్‌కి నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. సర్వీసు పూర్తిగా కుదుటపడటానికి పట్టింది 24 గంటల 11 నిమిషాలు. ఆ 43 సెకన్లలో డేటాబేస్ క్లస్టర్లను చూసుకునే ఆర్కెస్ట్రేటర్ అన్న ప్రోగ్రాం తన పని చక్కగా చేసింది. పడమటి తీరంలోని ఆర్కెస్ట్రేటర్ నోడ్లు, తూర్పున పబ్లిక్ క్లౌడ్‌లో ఉన్న నోడ్లు కలిసి రాఫ్ట్ ప్రకారం మెజారిటీ అయ్యాయి, ప్రైమరీలను (రాతలు తీసుకునే ప్రధాన డేటాబేస్‌లను) పడమటికి మార్చాయి. కానీ తూర్పు డేటా సెంటర్‌లోని డేటాబేస్‌లో పడమటికి చేరని రాతలు కొన్ని ఉండిపోయాయి. బాగా రద్దీగా ఉండే ఒక క్లస్టర్‌లో అవి 954. పడమట కొత్త రాతలు మొదలయ్యాయి. రెండు వైపులా రెండోవైపు లేని డేటా ఉంది కాబట్టి వెంటనే వెనక్కి మారే దారి మూసుకుపోయింది.

చూడండి, ఆర్కెస్ట్రేటర్ గ్రూపులో ఏకాభిప్రాయం కుదిరింది, అందులో తప్పేమీ లేదు. డేటాబేస్‌లు ఆ గ్రూపులో సభ్యులు కావు. తనను ప్రైమరీగా తీసేశారన్న సంగతి పాత ప్రైమరీకి తెలియలేదు. వ్యూ మారింది, ఫ్లష్ జరగలేదు. వర్చువల్ సింక్రనీ భాషలో చెబితే ఒక్క వాక్యంలో తేలిపోయే విషయం ఇది.

ఇక్కడ నాకే ఒక అనుమానం ఉంది, దాన్ని దాచను. తూర్పు ప్రైమరీ ప్రతి రాతకూ పడమటి ఒప్పుకోలు కోసం ఆగి ఉంటే ఈ ముప్పు వచ్చేది కాదు. కానీ ఆ తీరం నుంచి ఈ తీరానికి వెళ్లి రావడానికే 60-70 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి రాతకూ, ప్రతి రోజూ ఆ ఆలస్యం భరించాలి, ఎప్పుడో జరిగే ఒక్క ఘటన కోసం. వాళ్ల స్థానంలో నేనుంటే ఆ ధర చెల్లించమని గట్టిగా చెప్పగలనా? ఖాతాల డబ్బు అయితే చెబుతాను. కామెంట్లు, నోటిఫికేషన్లు అయితే చెప్పలేను.

కొత్త పేర్లు, పాత ప్రశ్న

మా కుర్రాడు కాఫ్కా పేరెత్తాడు కదా, దాని దగ్గరికే వద్దాం. అతని డిజైన్‌లో ప్రొడ్యూసర్‌కి (మెసేజీలు పంపే ప్రోగ్రాంకి) 'యాక్స్ ఆల్' (అందరి ఒప్పుకోలూ కావాలి) అని పెట్టి, డేటా పోయే ప్రశ్నే లేదని రాశాడు. ఆ 'ఆల్' అంటే అన్ని రెప్లికాలూ (డేటా కాపీలు ఉన్న నోడ్లు) అనుకున్నాడు. కాదు. ఆ క్షణానికి లీడర్‌తో (రాతలు ముందు తీసుకునే రెప్లికాతో) సమానంగా ఉన్న రెప్లికాల జాబితా ఒకటుంటుంది, ఐఎస్ఆర్ అంటారు. వెనకబడ్డవాళ్లను లీడర్ ఆ జాబితాలోంచి తప్పిస్తుంది. అందరూ వెనకబడితే జాబితాలో లీడర్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు 'ఆల్' అంటే ఒక్కరు. 'మిన్ ఇన్‌సింక్ రెప్లికాస్' అన్న సెట్టింగు విడిగా పెంచకపోతే అది డిఫాల్ట్‌గా 1, కాబట్టి ఒక్క కాపీతోనే రాత ఖాయమైపోతుంది. ఐఎస్ఆర్ అంటే అచ్చంగా వ్యూ. అది మారినప్పుడల్లా ఎక్కడో నమోదు కావాలి. మొదట్లో జూకీపర్ అనే విడి సర్వీసులో అయ్యేది, 2025 మార్చిలో వచ్చిన 4.0 నుంచి జూకీపర్ పూర్తిగా పోయి, కాఫ్కా సొంత రాఫ్ట్ గ్రూపులోనే అవుతోంది. గ్రూప్ కమ్యూనికేషన్ ఎక్కడికీ పోలేదు, సెట్టింగుల పేజీలోకి వెళ్లి కూర్చుంది. కుర్రాడికి ఇది చూపిస్తే వెంటనే అర్థం చేసుకున్నాడు, డిజైన్ మార్చాడు.

రాఫ్ట్ సంగతి ఇంకొంచెం చిక్కు. రాఫ్ట్, అలాంటిదే అయిన పాక్సోస్ వైపువాళ్లు నాతో గట్టిగా వాదించొచ్చు: మాకు ఎవరు చచ్చారో తెలియాల్సిన పనే లేదు, ఐదుగురిలో ముగ్గురు పలికితే చాలు, మిగతా ఇద్దరి మీద తీర్పు చెప్పకుండానే ముందుకెళ్తాం. ఇది నిజమైన బలం. ఐసిస్ తరహాలో అయితే ఒక సభ్యుడు పలకకపోతే ముందు అతన్ని తప్పించాలి, అప్పుడే పని కదులుతుంది. రాఫ్ట్‌కి ఆ అడ్డు లేదు.

అయితే 'ఐదుగురు' అన్న లెక్కే మెంబర్‌షిప్. అది మారాల్సిన రోజు వస్తుంది. పాత మెషీన్ తీసి కొత్తది పెట్టని సంస్థ ఉండదు. రాఫ్ట్ తయారుచేసిన డియెగో ఒంగారో తన థీసిస్‌లో ఒక్కో సర్వర్‌ని చేర్చడానికి, తీయడానికి ఒక తేలిక పద్ధతి ఇచ్చాడు. అందులో భద్రతకే ముప్పు తెచ్చే లోపం ఉందని 2015లో అతనే ప్రకటించి, దిద్దుబాటు కూడా చెప్పాడు: కొత్త లీడర్ తన టర్మ్‌లో (లీడర్‌గా ఉన్న విడతలో) ఒక ఎంట్రీ అయినా కమిట్ (ఖాయం) అయ్యాకే సభ్యుల్ని మార్చాలి. 'అర్థం కావడమే లక్ష్యం' అని చెప్పి రూపొందించిన అల్గారిథంలో, అంత జాగ్రత్తపరుడు రాసినదాంట్లో, జారింది సరిగ్గా మెంబర్‌షిప్ దగ్గర. నేను చెప్పదలుచుకున్నదానికి ఇంతకంటే సాక్ష్యం ఎక్కడ వెతకను?

ఇక రాఫ్ట్‌లో టర్మ్ నంబర్, జూకీపర్‌లో ఎపోక్ నంబర్, అలాగే ఓకీ, లిస్కోవ్ 1988లో చెప్పిన వ్యూస్టాంప్డ్ రెప్లికేషన్ అనే పద్ధతిలో వ్యూ నంబర్ పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ చేసే పని ఒకటే. పాత అధికారంతో వచ్చినవాడిని గుమ్మంలోనే ఆపడం.

ప్రతిచోటా ఇది కావాలా

అక్కర్లేదు. ఒక వెబ్ సర్వర్ల గుంపులో ఎవరు బతికున్నారో లోడ్ బ్యాలెన్సర్‌కి (వాటికి పని పంచే ప్రోగ్రాంకి) కాస్త అటూ ఇటూ తెలిసినా కొంపేమీ మునగదు. కార్నెల్‌లోనే 2002లో పుట్టిన స్విమ్ లాంటి గాసిప్ పద్ధతులు (కబురు ఒకరి నుంచి ఒకరికి పాకే పద్ధతులు) వేల మెషీన్ల మధ్య ఈ కబురు తక్కువ ఖర్చుతో మోస్తాయి. అక్కడ వర్చువల్ సింక్రనీ పెడితే డబ్బు దండగ. గ్రూపు పేరు మీద ఒకరు నిర్ణయం తీసుకునే చోట మాత్రమే నా పట్టుదల: బిల్లు నంబరు ఇవ్వడం, తాళం (లాక్) ఇవ్వడం, ప్రైమరీ కావడం.

ఇంకో అభ్యంతరం మరింత లోతైనది. 1996లో చంద్ర, హాజిలాకోస్, టూయెగ్, షారోన్-బోస్ట్ కలిసి, పూర్తి అసింక్రనస్ సిస్టంలో (మెసేజ్ ఆలస్యానికి హద్దే లేని చోట) గ్రూప్ మెంబర్‌షిప్ సమస్యే పరిష్కారం కాదని నిరూపించారు. బాగా సడలించిన నిర్వచనం తీసుకున్నా కాదు. అంటే మెంబర్‌షిప్‌ని ముందు పెట్టుకుంటే కష్టం తగ్గుతుందన్న ఆశ ఏమీ లేదు, కష్టం ఒకచోటికి చేరుతుందంతే. నాకు కావాల్సిందీ అదే. కష్టం ఒకచోట ఉంటే దాన్ని బాగా తెలిసిన నలుగురు రాసి, బాగా పరీక్షించి పెట్టొచ్చు. అమెరికాలోని సాంటా బార్బరాలో పుట్టిన టోటెమ్ అనే గ్రూప్ కమ్యూనికేషన్ ప్రోటోకాల్ ఇవాళ కొరోసింక్ అనే సాఫ్ట్‌వేర్ రూపంలో ఎన్నో లినక్స్ క్లస్టర్ల కింద నిశ్శబ్దంగా నడుస్తోంది, దాని పేరు కూడా తెలియకుండా వాడుతున్నాం. అదే కష్టాన్ని ప్రతి సర్వీసులో ఒక టైమౌట్ విలువగా చల్లేస్తే ఎవరి చేతికీ చిక్కదు.

క్లౌడ్ వాడే చిన్న టీంలు "ఇదంతా ప్రొవైడర్ చూసుకుంటాడు" అంటాయి. డేటాబేస్ లోపల చూసుకుంటాడు, నిజమే. ఆ డేటాబేస్‌లో తాళం తీసుకుని, మధ్యలో ముప్పై సెకన్లు నిద్రపోయి, లేచి స్టోరేజ్‌లో రాసేసే మన వర్కర్ ప్రాసెస్‌ని ఎవరు చూసుకుంటారు? తాళంతో పాటు పెరుగుతూ పోయే నంబరు ఒకటి ఇచ్చి, పాత నంబరుతో వచ్చిన రాతను స్టోరేజ్ తిప్పికొట్టేలా మనమే రాసుకోవాలి. అది మన కోడే.

కసాండ్రా అనే డేటాబేస్‌ని చూస్తుంటే నాకు కొంత ధైర్యం వస్తుంది. ఎవరు ఏ డేటాకి బాధ్యులో గాసిప్‌తోనే చెప్పుకుంటూ పెరిగిన సిస్టం అది, ఏకాభిప్రాయం లేకపోయినా నడవొచ్చనడానికి పెద్ద ఉదాహరణగా చూపించేవాళ్లు. ఆ ప్రాజెక్టువాళ్లే ఇన్నేళ్ల అనుభవం తర్వాత క్లస్టర్ మెంబర్‌షిప్‌ని, స్కీమాని (టేబుళ్ల నిర్మాణాన్ని) గాసిప్ చేతుల్లోంచి తీసి, అందరూ ఒప్పుకున్న ఒకే వరుస లాగ్‌లోకి మార్చే పని పెట్టుకున్నారు. కొత్త పద్ధతిలో ఒక నోడ్ చేరాలన్నా, వెళ్లాలన్నా ముందు ఆ లాగ్‌లో ఎంట్రీ పడాలి, ఆ ఎంట్రీకి ఒక ఎపోక్ నంబర్ ఉంటుంది.